ప్రభుదాసు ఒంటి మంచు

తెల్లవారగానే ప్రభుదాసు చేసే మొదటి పని గొంతుబిళ్ళ వేసుకోవడం. థైరాయిడ్ మాత్రకి ఆ ఇంట్లో ఉన్న పేరది. అది వేసుకున్నాక అరగంట దాకా కాఫీ ముట్టకూడదు. ఆ అరగంటా ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, వంటింట్లోంచి వచ్చే డికాషన్ వాసనని ఓపిగ్గా పీలుస్తూ ఉంటాడు. పటాలంలో నాయక్ హోదాలో పనిచేసిన మనిషి కాబట్టి కుర్చీకి వీపు ఆనించడు. భార్య ఎవాంజెలిన్ బొమ్మసంద్రలో ఒక ఆసుపత్రిలో నర్సు. బస్సు అందుకోవాలి, ఆమెకి ఆగే తీరిక లేదు. ఆయన కళ్ళెదుటే తన కాఫీ తాగేసి, మొగుడి చొక్కా పైకెత్తి వీపుకి మందు రాసి, చేతులు కడుక్కుని బయల్దేరుతుంది.

ఆ వీపు నిండా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, జుట్టు మొదట్లో కూడా అవే. డాక్టర్లు సోరియాసిస్ అన్నారు. మామూలు రోజుల్లో పొలుసులు పొలుసుల్లాగే రాలేవి. ఎక్కడో లడఖ్ పైన, ప్రభుదాసు ఒకప్పుడు కాపలా కాసిన పోస్టులో మంచు పడిన రోజు మాత్రం ఆయన ఒంటి మీంచి కూడా మంచే రాలేది. చల్లటి, అసలు సిసలు మంచు. చొక్కా చేతుల్లోంచి, కాలర్లోంచి మెల్లగా జారి వరండా గచ్చు మీద పేరుకునేది. దానికి ముందు కాస్త కిరసనాయిలు వాసన వచ్చేది. పైన గుడారాల్లో రాత్రీ పగలూ కిరసనాయిలు పొయ్యి వెలుగుతూ ఉంటుంది కాబట్టి, రాకుండా ఎలా ఉంటుంది?

బెంగళూరు అంచున వాళ్ళుండే వర్తూరులో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. మురుగు కలిసిన చెరువు నురగ గాలికి లేచి స్కూటర్ల మీదా కూరగాయల బండ్ల మీదా వచ్చి వాలడం చూసిన జనం వాళ్ళు. గాల్లో తెల్లగా ఏదైనా ఎగిరితే మొహం తుడుచుకుని తమ దారిన పోతారు. పైగా ప్రభుదాసు మంచు చెరువు నురగలా కంపు కొట్టదు, తగిలినవాళ్ళకి దురద పుట్టించదు. ట్యాంకరు రాని రోజున ఎవాంజెలిన్ దాన్ని చేటతో బకెట్లోకి ఎత్తి, కరిగాక మెట్లు కడిగేది. ఎండాకాలంలో పక్కింటి పాపక్క మజ్జిగ చెంబుకి మూతపెట్టి తెచ్చి ఆయన కుర్చీ కింద చల్లబెట్టుకునేది.

పాపక్క వర్తూరు పల్లెగా ఉన్నప్పటి మనిషి. ఆమె రాగి చేను ఉన్న చోట ఇప్పుడు ఆకాశమంత అపార్టుమెంటు లేచింది. అందులో కాపురాలుండే సాఫ్ట్‌వేర్ వాళ్ళందర్నీ ఆమె ఇప్పటికీ "మా చేన్లో ఉండేటోళ్ళు" అనే అంటుంది.

"ఏమప్పా ప్రభుదాసప్పా, ఎట్లుండావు?" అని రోజూ పొద్దున్నే గోడ మీంచి పలకరిస్తుంది.

"ఫిట్, అక్కా."

రోజూ ఇదే జవాబు. చర్మం చీలి బనీను రక్తమైనా ఫిట్టే. గొంతు వాచి మాట పెగలకపోయినా ఫిట్టే. పాపక్క ఆ జవాబుని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో మానేసింది. మంచు రాలుతున్న రోజైతే మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది.

"సరేలే. పైనెట్లుండాది?"

అప్పుడు ప్రభుదాసు లేచి నిలబడతాడు. ఎదురుగోడ కేసి చూస్తూ చెప్తాడు. "గాలి ఉత్తరం నుంచి, జోరుగా ఉంది. పది అడుగుల అవతల మనిషి కంటికి ఆనడు. తెల్లారినప్పట్నుంచీ మంచు తెరిపివ్వలేదు. తాడు పట్టుకోకుండా గుడారం దాటకూడదు."

పాపక్క రేడియోలో వాతావరణం వార్తలు విన్నంత శ్రద్ధగా అంతా వింటుంది. "అయ్యో, ఆ బిడ్డలు ఎట్ల తట్టుకుంటారో ఏమో" అని పైనున్న సిపాయిల కోసం నిట్టూర్చి, చల్లబడిన మజ్జిగ తీసుకుని వెళ్ళిపోతుంది.

ఇంత కొండని ఒంటి మీద మోస్తున్న మనిషికి పింఛను లేదు. పింఛనుకి చాలినంత సర్వీసు నిండకముందే, చర్మమూ గొంతూ పనికిరావని ఇంటికి పంపేశారు. అలా పంపినవాళ్ళకి ఇచ్చే వైకల్య పింఛను ఒకటుంది. కాకపోతే జబ్బు సర్వీసు వల్ల వచ్చిందైనా కావాలి, సర్వీసులో ముదిరిందైనా కావాలి. మెడికల్ బోర్డు రెండూ కాదంది. అప్పీలు పెడితే అక్కడా పెదవి విరిచారు. ఇప్పుడు మిగిలింది ఆఖరి అప్పీలు. అక్కడ కూడా కాదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు.

ఇల్లు గడవడం మాటకొస్తే ఎవాంజెలిన్ గడుపుతూనే ఉంది, నైట్ డ్యూటీలు నెత్తినేసుకుని. ఆమెకి ఒళ్ళు మండేది ఆ కాగితంలో మాటకి. జబ్బుకీ ఉద్యోగానికీ సంబంధం లేదట! అంటే ఈయన ఇంట్లో కూర్చుని సరదాకి తెచ్చుకున్నాడా? ఒంగోలు దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో క్రిస్మస్ రాత్రి ప్రభుదాసు కీర్తన ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికిపాట్లు పడే ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఆ గొంతు విని మనసు పారేసుకునే ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. పెళ్ళైన ఏడాదికి ఆయన పైన పోస్టుకి వెళ్ళాడు. దిగి వచ్చినప్పుడు గొంతులో గరగర తప్ప ఏమీ మిగల్లేదు. అది ఎక్కడ పోయిందో ఆమెకి తెలుసు, ఆయనకి తెలుసు, పాపక్కకీ తెలుసు. తెలియనిది బోర్డుకే.

పాపక్క మనవరాలు చైత్ర వకీలు. ఆఖరి అప్పీలు ఆమే నడుపుతోంది. ఒక ఆదివారం ఎవాంజెలిన్ వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి ఫైలు పట్టుకుని వరండాలో కూర్చుని ఉంది.

"ఆంటీ, ప్రాబ్లం ఎక్కడంటే, జబ్బు స్టార్ట్ అయిన ప్లేస్. రికార్డులో ఫస్ట్ టైమ్ రాసింది బెంగళూరులో. ఇది పీస్ స్టేషన్ కదా, ఇక్కడ ఏం కష్టం ఉండాది, సర్వీస్ వల్ల ఎట్లొస్తుంది అని అడుగుతారు."

"పైనే వచ్చిందమ్మా. ఇక్కడికి పోస్టింగు మీద దిగొచ్చిన రోజు వీపు చూసి, నేనే ఈయన్ని లాక్కెళ్ళి డాక్టరుకి చూపించాను."

"అదే ఆంటీ. మీరు చూపించిన డేటే రికార్డుకి ఎక్కింది. పైన ఉన్నప్పుడు అంకుల్ ఒక్కసారి నోరు తెరిచి చెప్పుంటే చాలు."

ఆడవాళ్ళిద్దరూ ప్రభుదాసు కేసి చూశారు. ఆయన బూటు లేసు సరిచేసుకున్నాడు.

"పైన డాక్టరు అడిగాడు, ఎలా ఉన్నావని."

"ఏమన్నారు?"

"ఫిట్ అన్నాను."

"బోర్డుల్లో?" అంది చైత్ర.

దానికి జవాబు అక్కర్లేదు, ఎవాంజెలిన్‌కి తెలుసు. బోర్డు ముందుకి వెళ్ళడమంటే ఆయనకి పరేడ్‌కి వెళ్ళడమే. ముందు రోజంతా బూట్లకి పాలిష్, బకిల్‌కి మెరుగు. ఆమె కూడా తక్కువ తినలేదు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చే ముందు పేషెంటుని కడిగిన ముత్యంలా చేసి పడుకోబెట్టడం ఆమె చేతికి పట్టిన పని. మొగుణ్ణి కూడా అలాగే తయారుచేసేది. కొబ్బరి నూనెతో పొలుసులన్నీ నానబెట్టి, మెత్తటి గుడ్డతో తీసేసి, మందు దట్టించి, గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడిగి పంపేది. బోర్డులో డాక్టర్లకి కనిపించింది నున్నటి మోచేతులు, మిలమిలలాడే బూట్లు. ఎలా ఉన్నావంటే ఫిట్ సర్. పాపం వాళ్ళు మాత్రం ఏం రాస్తారు?

"నా చేతులతో నేనే చేశానన్నమాట," అంది ఎవాంజెలిన్. కానీ జరిగిపోయినదాన్ని పట్టుకుని ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. లేచి చీర కొంగు బిగించింది. "ఈసారి నూనె లేదు, గంజి లేదు. ఉన్నది ఉన్నట్టు వెళ్తారు. విన్నారా?"

"విన్నాను," అన్నాడు ప్రభుదాసు. వినడంలో ఆయనకి ఎప్పుడూ ఇబ్బంది లేదు.

హియరింగ్ మే నెలలో పడింది. ఎవాంజెలిన్ ఆ రోజుకి సెలవు పెట్టింది. పొద్దున్నే లేచేసరికి బాత్రూంలోంచి కొబ్బరి నూనె వాసన గుప్పున కొట్టింది. తలుపు తెరుచుకుని ప్రభుదాసు బయటికొచ్చాడు. గెడ్డం నున్నగా గీసుకున్నాడు, మోచేతులు నిగనిగలాడుతున్నాయి, చొక్కా గంజికి కరకరలాడుతోంది. ఆ గంజి ఎప్పుడు కాచాడో ఏమో.

"ఏమిటండీ ఇది?"

"ఆఫీసర్ల ముందుకి మురికిగా ఎలా వెళ్ళను ఎవా? ప్రాణం ఒప్పలేదు."

ఆమెకి ఎంత కోపం వచ్చిందంటే తిట్లు కూడా దొరకలేదు. పాపక్క గోడ మీంచి తొంగిచూసి విషయం గ్రహించింది. "పోనీలే తల్లీ, మంచన్నా పడుతుందేమో. ఏమప్పా, పైనెట్లుండాది?"

"ఏమీ లేదక్కా. ఎండ," అన్నాడు ప్రభుదాసు. ఆయన ఒళ్ళు పొడిగా ఉంది. గచ్చు మీద ఒక్క పలుకు కూడా లేదు.

"మాయదారి ఎండ," అంది పాపక్క. "బేగ పోండి, ట్రాఫిక్ ఉంటుంది."

ట్రాఫిక్ ఉంది. దారి పొడుగునా ఎవాంజెలిన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ప్రార్థన చేసుకుంది. "ప్రభువా, ఈయన నోరు మూయించైనా మూయించు, తెరిపించైనా తెరిపించు. ఫిట్ అన్న మాట మాత్రం రానీకు."

ఆఖరి అప్పీలు వినే బోర్డు కూర్చున్నది ఒక పాత రాతి కట్టడంలో. ఎత్తైన గోడలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు. బల్ల వెనక ఇద్దరు. ఒకాయన సైన్యంలో డాక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, తెల్ల మీసాలు. ఆయనే అధ్యక్షుడు. పక్కన కళ్ళద్దాల మేడమ్, చట్టం చదువుకున్నావిడ. ఫైలులో ప్రతి కాగితం మీదా ఆమె పెన్సిల్ గీత ఉంది. మాటలన్నీ హిందీలోనే.

"ఎలా ఉన్నావు, జవాన్?" అన్నాడు అధ్యక్షుడు.

"ఫిట్, సర్!"

చైత్ర కళ్ళు మూసుకుంది.

మోచేతులు చూపించమన్నారు. చూపించాడు. నున్నగా ఉన్నాయి. గొంతు చూపించమన్నారు. కాలర్ గుండీ తీశాడు. వాపు ఉంది గానీ, బిళ్ళ వల్ల తగ్గిన వాపే. మేడమ్ చైత్ర వాదన అంతా విని, "జబ్బు లేదని మేం అనడం లేదు. అది బెంగళూరులో మొదలైందని రికార్డు అంటోంది. కాదని చూపించే ఆధారం ఏదైనా ఉంటే చెప్పండి," అంది. చైత్ర ఫైలు మళ్ళీ మొదట్నుంచీ తిరగేసింది. మేడమ్ పెన్ను మూత తీసింది.

అప్పుడు కిరసనాయిలు వాసన వచ్చింది.

గుమాస్తా మూలనున్న టీ కాచే స్టవ్ కేసి అనుమానంగా చూశాడు. స్టవ్ కరెంటుది. ఎవాంజెలిన్ మాత్రం మొగుడి చొక్కా చేతుల కేసి చూసింది. ముందు ఒక పలుకు, తర్వాత నాలుగు, ఆ తర్వాత లెక్క తెలియనంతగా. గంజి పెట్టిన కఫ్‌లలోంచి మంచు జారి మిలమిలలాడే బూట్ల మీద పడసాగింది. నూనె గానీ, మందు గానీ దాన్ని ఆపలేకపోయాయి. గుమాస్తా లేచి కాగితాలు తడవకుండా ఫ్యాన్ ఆపేశాడు. మేడమ్ ఫైలుని దగ్గరికి లాక్కుంది.

"మంచు పడటం మన ముందున్న ప్రశ్న కాదు," అంది ఆమె, మర్యాదగానే. "జబ్బు ఎక్కడ మొదలైందన్నదే ప్రశ్న."

అధ్యక్షుడు ముందుకి వంగాడు. "నొప్పిగా ఉందా?"

"ఫిట్, సర్!"

ఎవాంజెలిన్ లేచి నిలబడింది. చైత్ర కొంగు లాగినా ఆగలేదు. "సర్, క్షమించాలి. ఆయన్ని ఎలా ఉన్నావని అడక్కండి. పెళ్ళైనప్పట్నుంచీ అడుగుతున్నాను, నాకే చెప్పలేదు. ఆయన గురించి ఆయన చెప్పరు. పైన ఎలా ఉందని అడగండి. అదైతే డ్యూటీ. డ్యూటీలో దాచరు."

మేడమ్ అభ్యంతరం చెప్పబోయింది. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు. తెల్ల మీసాలాయన కాసేపు గచ్చు మీద పేరుకుంటున్న మంచుని చూశాడు. తర్వాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన గొంతు మారిపోయింది.

"సెంట్రీ! రిపోర్ట్!"

ప్రభుదాసు మడమలు టక్కుమన్నాయి. చూపు అధ్యక్షుడి తల మీదుగా గోడకి వెళ్ళింది.

"గాలి పడమర నుంచి, సర్. ఇంతకుముందే లేచింది. పది అడుగుల అవతల ఏమీ ఆనడం లేదు. మంచు గట్టిగా పడుతోంది. పొయ్యి వెలుగుతోంది. తాడు బిగువుగా ఉంది."

"మనుషులు?"

"అందరూ ఉన్నారు, సర్. బయట సెంట్రీ ఒక్కడే."

"సెంట్రీ ఎలా ఉన్నాడు?"

ప్రభుదాసు గొంతు గరగరలాడింది, అయినా ఆగలేదు.

"బాగాలేడు, సర్. చేతుల చర్మం చీలిపోయింది. గ్లవ్ తీస్తే చర్మం కూడా వస్తోంది. వీపంతా మంట. పడుకోలేకపోతున్నాడు. గొంతు వాచింది. రాత్రి పాట పాడమని కుర్రాళ్ళు అడిగితే గొంతు లేవలేదు."

"ఎప్పట్నుంచి?"

"పైకి వచ్చిన మూడో నెల నుంచి, సర్."

మేడమ్ పెన్ను బల్ల మీద పెట్టింది. ఆమే అడిగింది ఈసారి, నెమ్మదిగా. "మరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"వాడు దిగిపోతే వాడి వంతు కూడా ఇంకొకడు నిలబడాలి, మేడమ్. అందరి చేతులూ అలాగే ఉన్నాయి."

"సెంట్రీ పేరు?"

"నాయక్ ప్రభుదాసు, సర్."

ఎవాంజెలిన్ ఏడ్చింది. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. అన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి వీపు మండుతోందని ఆమెకి తెలుసు గానీ, ఆయన నోటితో వినడం అదే మొదలు.

అధ్యక్షుడు ఫోను తీసి ఎవరెవరితోనో మాట్లాడాడు. ఒకరు ఇంకొకరికి కలిపారు, వాళ్ళు ఇంకొకరికి. చివరికి గాలి హోరు మధ్య ఎవరో కుర్రాడి గొంతు స్పీకర్లో వినిపించింది. పైనుంచి. వాతావరణం ఎలా ఉందని అధ్యక్షుడు అడిగాడు. పొద్దున్నంతా ఎండే సర్, ఇప్పుడే పడమటి గాలి లేచింది, పది అడుగుల అవతల ఏమీ ఆనడం లేదు అన్నాడు ఆ కుర్రాడు. లైను మధ్యలో తెగి, మళ్ళీ కలిసింది. "తగ్గుతోంది సర్. ఆగిపోయింది."

ప్రభుదాసు కఫ్‌లలోంచి ఆఖరి పలుకు జారి బూటు మీద కరిగింది. ఆగిపోయింది.

"బాబూ, నీ చేతులెలా ఉన్నాయి?" అని అడిగాడు అధ్యక్షుడు ఫోనులో.

"ఫిట్, సర్!" అంది ఆ గొంతు.

అధ్యక్షుడు, మేడమ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నీ డాక్టర్ని లైన్లోకి పిలువు," అన్నాడు ఆయన.

మేడమ్ ఫైలు తెరిచి, జబ్బు మొదలైన చోటు అన్న గడిలో బెంగళూరు అన్న మాట మీద అడ్డంగా గీత గీసింది. దాని పైన ఆ పోస్టు పేరు రాసింది. సంతకం చేశాక పెన్నుకి మూత పెట్టి, గుమాస్తాతో, "ఆ నీళ్ళు తుడవకండి. ఆయన బయటికి వెళ్ళేదాకా ఉండనివ్వండి," అంది.

ఆర్డరు జూన్‌లో, వానలు పడుతుండగా వచ్చింది. చైత్ర వరండాలో నిలబడి చదివి వినిపించింది. చర్మ వ్యాధి, థైరాయిడ్ వ్యాధి, రెండూ సర్వీసు వల్ల వచ్చినవే. పింఛను ఇవ్వాలి. పాపక్క చిత్రాన్నం చేసి పంచింది. తన చేన్లో ఉండేటోళ్ళకి కూడా పంపింది. ఎవాంజెలిన్ ఆసుపత్రికి వెళ్ళి నైట్ డ్యూటీలు ఇక చెయ్యనని చెప్పేసి వచ్చింది. ప్రభుదాసు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గొంతుబిళ్ళ వేసుకుని వరండాలో కూర్చున్నాడు. పైన మంచు లేదు, గచ్చు పొడిగా ఉంది. ఎవాంజెలిన్ ఆయన వీపుకి మందు రాస్తోంది. పాపక్క గోడ దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, ఎట్లుండావు?"

"ఫి..." అన్నాడు ప్రభుదాసు.

అక్కడ ఆగిపోయాడు. వీపు మీద ఎవాంజెలిన్ చెయ్యి కూడా ఆగింది.

"బాలేదక్కా," అన్నాడు. "రాత్రంతా మంట. నిద్ర లేదు. గొంతు దగ్గర ఎవరో పట్టుకున్నట్టుంది."

పాపక్క పైనెట్లుండాదని అడగలేదు. గోడ చుట్టూ తిరిగి గేటు తీసుకుని లోపలికి వచ్చి, మెట్టు మీద చతికిలబడింది.

"చెప్పప్పా. నాకేం పనుండాది? మొదట్నుంచీ చెప్పు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వీధి చివర బొమ్మసంద్ర బస్సు హారన్ వినిపించింది. ఎవాంజెలిన్ విన్నది గానీ లేవలేదు. వీపు మీద మందు ఇంకా ఆరలేదు, చొక్కాకి అంటుకుంటుందని ఆమె అనబోయి మానేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రభుదాసు మెల్లగా కుర్చీకి వీపు ఆనించాడు.